జాతీయ స్థాయి భూగోళ పోటీకి ఎనిమిదో తరగతి అమ్మాయిని ఎలా తయారుచేయాలి?

ప్రశ్న
(అడిగినవారు: ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ)

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. పాఠశాల విద్యార్థుల కోసం జాతీయ స్థాయిలో జరిగే ఒక భూగోళ పోటీలో పాఠశాల దశ దాటి, నవంబరు మొదటి వారంలో జరిగే రాష్ట్ర దశకు ఎంపికైంది. నేను బ్యాంకు ఉద్యోగిని. పదో తరగతి పరీక్షలో భారతదేశ పటం మీద నదులు, నగరాలు గుర్తించి ఆ మార్కులు తెచ్చుకోవడంతోనే భూగోళంతో నా పరిచయం ముగిసింది కాబట్టి, తెలిసినవారి సలహా కోరుతున్నాను.

ఇంతవరకు మేము చేసిందల్లా బట్టీ పట్టించడమే. గోడకు ప్రపంచ పటం అంటించాము. పొద్దున జడలు వేస్తూ వాళ్లమ్మ దేశం పేరు చెబితే అమ్మాయి రాజధాని చెబుతుంది. రెండో జడ పూర్తయ్యేసరికి ఒక ఖండం అయిపోతుంది. తీరా నిర్వాహకులు పంపిన మాదిరి ప్రశ్నపత్రం చూస్తే అందులో రాజధానుల ప్రశ్నలు రెండో మూడో ఉన్నాయి. మిగిలినవన్నీ వేరే తరహావి. కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉన్న పటం ముక్క ఒకటి ఇచ్చి, కొండ ఏ వైపున నిటారుగా ఉందో చెప్పమన్నారు. రెండు నగరాల నెలవారీ వర్షపాతం గ్రాఫులు ఇచ్చి, వాటిలో తూర్పు తీరానిది ఏదో గుర్తించి కారణం రాయమన్నారు. అమ్మాయి ఆ కాగితం ముందు పెట్టుకొని చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నిరుడు ఇలాంటిదే మరొక పోటీలో ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు అడిగితే, పేపర్లో చదివిన గుర్తుతో 1,053 కిలోమీటర్లు అని రాసింది. వారి జవాబుల పట్టికలో 974 ఉంది. పాఠ్యపుస్తకంలో ఉన్నదే ప్రామాణికమని చెప్పి మార్కు ఇవ్వలేదు. ఆ ఒక్క మార్కుతోనే తరువాతి దశ పోయింది. అప్పటి నుంచి ఏ అంకె చదివినా, "నాన్నా, ఇది ఏ పుస్తకం ప్రకారం?" అని అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు.

రాజధానులు, నదుల పొడవులు బట్టీ పట్టించడం మానేయాలా? ఏ అట్లాసు కొనాలి? ఆరో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు ఇంగ్లీషు ప్రశ్నపత్రం అడ్డం కాదా? దీనికి కూడా కోచింగ్ ఉందని ఒకరు చెప్పారు, అది అవసరమా? మా ఊరి సంగతి మీకు తెలిసిందే, ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, "భూగోళానికి సీటిస్తారా?" అని అడిగేవారు నా చుట్టూ చాలామంది ఉన్నారు. వారికి చెప్పే జవాబు నాకు అక్కర్లేదు. అమ్మాయికి చెప్పే జవాబు కావాలి.

సమాధానం 1
(విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు)

ముందుగా తీరరేఖ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయి వేసిన ప్రశ్నలో సగం భూగోళం ఉంది. ఆమె రాసినది తప్పు కాదు. 974 కూడా ఒకరు ఊహించి చెప్పిన అంకె కాదు. 1970లలో దేశ తీరరేఖను కొలిచినప్పుడు వాడిన పటాల స్కేలు 1:45,00,000. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 45 కిలోమీటర్లు. ఆ పటంలో చిన్న ఉప్పుటేరు గాని, మడ అడవుల మధ్య లోపలికి చొచ్చుకుపోయే పాయ గాని కనిపించదు. తీరం నున్నటి గీతలా ఉంటుంది. ఇటీవలి లెక్కకు 1:2,50,000 స్కేలు వాడారు. అక్కడ ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లే. వంకరలన్నీ బయటపడతాయి, వంకర పెరిగిన కొద్దీ పొడవు పెరుగుతుంది. అందువల్ల దేశ తీరరేఖ 7,516 కిలోమీటర్ల నుంచి 11,098 కిలోమీటర్లకు చేరింది. సముద్రం గాని, నేల గాని ఈ పెరుగుదలకు కారణం కాదు, మారినది కొలబద్ద. మన రాష్ట్రానిది 974 నుంచి 1,053 అయింది. తమిళనాడు 1,068తో మనల్ని దాటి రెండో స్థానానికి వెళ్లింది. ఎన్నో ఏళ్లుగా తరగతిలో "గుజరాత్ తరువాత మనమే" అని చెప్పిన నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

కాబట్టి "ఏ పుస్తకం ప్రకారం?" అన్న ఆమె ప్రశ్నను కొట్టిపారేయకండి. దానికి ఇంకొకటి చేర్చండి: ఏ స్కేలు మీద? ఇంట్లోనే చేసి చూపించవచ్చు. పెద్దబాలశిక్షంత చిన్న అట్లాసులోని భారతదేశ పటం మీద బాపట్ల తీరం నుంచి కాకినాడ దాకా తడి దారం పరిచి కొలవమనండి. తరువాత ఆంధ్రప్రదేశ్ ఒక్కటే పేజీ నిండా ఉన్న పటం మీద అదే దారం మళ్లీ పరచమనండి. రెండింటినీ వాటి వాటి స్కేళ్లతో కిలోమీటర్లలోకి మార్చితే అంకెలు కలవవు. దివిసీమ దగ్గర, గోదావరి పాయల దగ్గర దారం ఎంత ఎక్కువ పడుతుందో ఆమే చూస్తుంది. పోటీలో మాత్రం ఆ ఏడాది వారు ఇచ్చిన పాఠ్యపుస్తకం ఏది చెబితే అదే గుర్తించాలి. అవకాశం ఉన్నచోట పక్కన సంవత్సరం రాయాలి.

కాంటూరు రేఖల విషయానికి వస్తే, కోచింగ్ కంటే ముందు ఒక టోపోషీటు, అంటే ఒక ప్రాంతం ఎత్తుపల్లాలను వివరంగా చూపే పటం, తెచ్చుకోండి. దేశ పటాలు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా 1767 నుంచి ఉన్న సంస్థ. వారి 1:50,000 పటాలు ఇప్పుడు వెబ్‌సైటులో రిజిస్టరు చేసుకొని ఉచితంగా దించుకోవచ్చు. పాత సంఖ్యల పద్ధతిలో విజయవాడది 65డి/10. 16 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీ నగరాన్ని ఆనుకొనే పోతుంది కాబట్టి మంగళగిరి వైపు చూడాలంటే కింది షీటు 65డి/11 కూడా పక్కన పెట్టుకోవాలి. ఈ స్కేలులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే రెండున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ రావాలి. ముందు అది కొలిపించండి. తెలిసిన దూరం పటంలో సరిపోయిందన్న నమ్మకం కలిగాకే పిల్లలు తెలియని దూరాన్ని నమ్ముతారు.

ఆ తరువాత ఇంద్రకీలాద్రి చుట్టూ ఉన్న గోధుమరంగు గీతలు చూపించండి. ఒక గీతకూ పక్క గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నచోట కొండ నిటారు, ఎడంగా ఉన్నచోట తక్కువ వాలు. ఒక ఆదివారం సీతానగరం ఒడ్డుకు తీసుకువెళ్లి, షీటును నేల మీద పరచి, కొండను చూస్తూ గీతలు చదివిస్తే మాదిరి పత్రంలోని ప్రశ్న మళ్లీ అడగనక్కర్లేదు. నది అక్కడే రెండు కొండల మధ్య ఇరుకవుతుందని, ఆ ఇరుకు చూసే 1855లో పూర్తయిన పాత ఆనకట్టను అక్కడ కట్టారని, ఆ ఇరుకు దాటగానే డెల్టా మొదలవుతుందని కూడా అదే కాగితం చెబుతుంది. మంగళగిరి కొండ చల్లారిన అగ్నిపర్వతమని మా బడిలో ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు చెప్పేవారు. అది తూర్పు కనుమల అతి పాత రూపాంతర శిలల కొండ. అక్కడి గుడిలో పానకం ప్రసాదంగా తాగడానికి అగ్నిపర్వతం అవసరం లేదు.

అక్షాంశ రేఖాంశాలకు నేను మా పేటనే వాడుకునేవాడిని. బ్రాడీపేటలో చిరునామా అంటే లైను, అడ్డరోడ్డు. "4/14" అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు కలిసే చోటు. లైను ఒక్కటే చెబితే ఇల్లు దొరకదు, అడ్డరోడ్డు ఒక్కటే చెప్పినా దొరకదు. ఇది అర్థమైన పిల్ల భూమి మీద ఎక్కడైనా ఇల్లు వెతకగలదు.

అట్లాసు ఏ సంస్థది అయినా కొనండి గాని, కొనే ముందు లోపల చూడండి. లడఖ్ విడిగా ఉండాలి, డామన్ డయ్యూ, దాద్రా నగర్ హవేలీ ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలి, 2022 ఏప్రిల్ 4 తరువాతి మన జిల్లాలు ఉండాలి. దానితోపాటు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో తెలంగాణ ఏర్పడక ముందుటి అట్లాసు ఒకటి చవకగా కొనండి. రెండూ పక్కపక్కన తెరిచి ఏమేమి మారాయో రాయమనండి. పిల్లలు దీన్ని ఆటలాగే ఆడతారు.

సమాధానం 2
(ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి, గుంటూరు)

మాస్టారు చెప్పిన పద్ధతి నాకూ నచ్చింది గాని, బట్టీ విషయంలో ఒక మాట. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఇలాంటి పోటీలో జాతీయ దశ వరకు వెళ్లినవాడిగా చెబుతున్నాను: పేర్లు రాకపోతే పటం మూగగానే ఉంటుంది. ఉజ్బెకిస్తాన్ ఎక్కడుందో చూడకుండా చెప్పలేనివాడికి, అది సముద్రం చేరాలంటే రెండు దేశాలు దాటవలసిన దేశమని, ప్రపంచంలో అలాంటివి అది, లీక్టెన్‌స్టైన్ రెండే ఉన్నాయని తట్టదు. కాబట్టి మీ ఇంట్లో జడల కార్యక్రమం ఆపకండి. వరుస మాత్రం మార్చండి. అక్షర క్రమంలో కాకుండా, ఒక దేశం సరిహద్దులు పట్టుకొని తిరిగేటట్టు, లేదా ఒక నది వెంట పుట్టుక నుంచి సముద్రం దాకా నడిచేటట్టు అడగండి. డాన్యూబ్ వెంట నడిస్తే వియన్నా, బ్రటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ నాలుగు రాజధానులు ఒకే తాడుకు వస్తాయి. పేర్లు మారుతుంటాయన్నదీ చెప్పండి: కజకిస్తాన్ రాజధాని ఆస్తానా 2019లో నూర్‌సుల్తాన్ అయి, 2022లో మళ్లీ ఆస్తానా అయింది. మీ అమ్మాయి "ఏ పుస్తకం ప్రకారం?" అని అడగడానికి ఇది ఇంకొక కారణం.

పూర్తిగా బట్టీ మీద నడిచిన పోటీ ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా తయారయ్యే భూగోళ 'బీ' 1989 నుంచి 2019 వరకు జరిగింది. నాలుగు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు నోటితో ప్రశ్న, నోటితో జవాబు. దాన్ని 2021లో శాశ్వతంగా ఆపేశారు. అంతర్జాతీయ భూగోళ ఒలింపియాడ్ దారి వేరు. 1996లో హేగ్ నగరంలో మొదలైన ఆ పోటీకి 16 నుంచి 19 ఏళ్లలోపు వారు, దేశానికి నలుగురు చొప్పున వెళతారు. అందులో రాత పరీక్షకు 40 శాతం, తెర మీద చిత్రాలు, పటాలు చూపించి అడిగే పరీక్షకు 20 శాతం, క్షేత్ర పరిశీలనకు 40 శాతం మార్కులు. మన దేశంలో పాఠశాల పోటీల ప్రశ్నపత్రాలు కూడా ఆ వైపే జరుగుతున్నాయి. మీ అమ్మాయికి ఆ వయసు రావడానికి ఇంకా రెండు మూడేళ్లు ఉంది కాబట్టి ఈ నవంబరును చివరి మెట్టుగా చూడవద్దు.

నేను మార్కులు పోగొట్టుకున్నది క్షేత్ర పరిశీలనలోనే. ఒక వీధిలో దుకాణాలు, ఇళ్లు, ఖాళీ స్థలాలు గుర్తించి పటం గీయమన్నారు. అందరికంటే వివరంగా గీశానని అనుకున్నాను. రంగులు కూడా వేశాను. ఉత్తర దిక్కు గుర్తు పెట్టలేదు, స్కేలు రాయలేదు, ఏ రంగు దేనికో సూచిక ఇవ్వలేదు. పటం తిరిగి వచ్చినప్పుడు దాని పైమూలలో ఎర్ర సిరాతో ఒక చిన్న బాణం, దాని పక్కన ప్రశ్నార్థకం ఉన్నాయి. ఇప్పటికీ కాగితం మీద ఏ దారి గీసినా చెయ్యి ముందు బాణం గుర్తు వేస్తుంది.

వర్షపాతం గ్రాఫుల విషయంలో, చెన్నైకి కడ్డీలు అక్టోబరు, నవంబరు దగ్గర లేస్తాయి, ముంబైకి జూన్ నుంచి సెప్టెంబరు వరకే. మన విజయవాడది ఈ రెండింటి మధ్యస్థం: ఎక్కువ వాన నైరుతి రుతుపవనాల్లోనే, అక్టోబరులో కూడా చెప్పుకోదగ్గ వాన. ఈ మూడూ పక్కపక్కన ఆమె చేత గీయించండి.

భాష గురించి భయం వద్దు. మన రాష్ట్రంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. భావం తెలుగు పేజీలో చదివి, పదం ఇంగ్లీషు పేజీలో పట్టుకుంటే చాలు. వర్షచ్ఛాయ ప్రాంతం (కొండ అడ్డుపడి వాన తక్కువ పడే చోటు) అంటే ఏమిటో తెలుగులో తెలిసిన పిల్లకు దాని ఇంగ్లీషు పేరు ఒక పూట పని. పేరు మాత్రమే తెలిసినవాడికి భావం ఒక పూటలో రాదు. కోచింగ్ గురించి నాకు అనుభవం లేదు, నేను వెళ్లలేదు.

సమాధానం 3
(ఇద్దరు పిల్లల తల్లి, సింగ్‌నగర్, విజయవాడ)

క్షేత్ర పరిశీలన అన్న మాట చూసి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లకు గండ్లు పడి మా పేట నీళ్లలో ఉన్న రోజులు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. నీళ్లు తీసిన తరువాత మా గేటు పక్క గోడ మీద బురద గీత మిగిలింది; సున్నం వేయించినా మెట్ల కింద ఆ గీత ఇంకా కనిపిస్తుంది. బడి ప్రాజెక్టు కోసం మా అబ్బాయి, వాడి స్నేహితులు టేపు పట్టుకొని వీధి వీధి తిరిగి, ఏ ఇంటి గోడ మీద గీత నేల నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉందో రాసుకొని పటం గీశారు. మా కళ్లకు వీధులన్నీ చదునుగానే ఉంటాయి. పటంలో చూస్తే ఒక వీధిలో మోకాలి లోతు, దాని వెనక వీధిలో నిలువెత్తు. ఏ ఇల్లు పల్లంలో ఉందో ఇన్నేళ్లు కాపురం ఉన్న మాకు ఆ కాగితం చూసేదాకా తెలియదు.

ఇంకొక విషయం. పిల్లలే కాదు, పెద్దలు కూడా చాలామంది అది కృష్ణ నీరేనని అనుకున్నారు. బుడమేరు మైలవరం కొండల వైపు నుంచి వచ్చి కొల్లేరులో కలిసే ఏరు. వెలగలేరు దగ్గర నుంచి కొంత నీటిని మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీ ఎగువన కృష్ణలోకి పంపుతారు. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత నిండుగా ఉన్న నదిలోకి మళ్లింపు కాలువ నీరు దిగడం ఎలా సాధ్యం? ఈ ఒక్క ప్రశ్న పటం ముందు పెట్టుకొని మీ అమ్మాయిని అడగండి, అన్నయ్యగారూ. కావాలంటే ఒక ఆదివారం మా వైపు తీసుకురండి. గీతలు ఇంకా ఉన్న గోడలు మావాడు చూపిస్తాడు.

అడిగినవారి స్పందన
(సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. కోచింగ్ ఆలోచన మానుకున్నాము. దారం పరీక్ష చేశాము. చిన్న పటం మీద వచ్చిన పొడవు కంటే పెద్ద పటం మీద చాలా ఎక్కువ వచ్చింది. అమ్మాయి రెండు అంకెలూ గోడ మీది పటం కింద రాసి, పక్కన స్కేళ్లు కూడా రాసింది. నిరుటి మార్కు కోసం ఇప్పుడు మళ్లీ ఉత్తరం రాద్దామంటోంది. అది వేరే కథ. సింగ్‌నగర్ అమ్మగారూ, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాము.

ఒక సందేహం మిగిలింది. పాఠ్యపుస్తకంలో అక్షాంశాల గురించి చదివి, జూలై మూడో ఆదివారం మబ్బు విడిచిన సమయం చూసి, డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి మధ్యాహ్నం నీడ కొలిచాము. రెండు చోట్ల లెక్క తప్పింది. మన దేశం ఉత్తరార్ధగోళంలో ఉంది కాబట్టి మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని నేను చెప్పాను. అది దక్షిణానికి పడింది, అదీ ఏడు సెంటీమీటర్లే. ఇక భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది, విజయవాడ 80.6 దగ్గర ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు మధ్యాహ్నం ఏడున్నర నిమిషాలు ఆలస్యంగా, అంటే 12 గంటల 7 నిమిషాలకు రావాలని అమ్మాయి లెక్క వేసింది. నీడ సరిగ్గా ఉత్తర దక్షిణ గీత మీదికి వచ్చేసరికి 12 గంటల 13 నిమిషాలు అయింది. తప్పు కర్రదా, గడియారందా, మాదా?

సమాధానం 1 రాసిన మాస్టారు

కర్రదీ కాదు, గడియారందీ కాదు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఊళ్లలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. విజయవాడకు అది మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం చివర ఇంకొకసారి. ఆ రెండింటి మధ్య రోజుల్లో మధ్యాహ్న సూర్యుడు మీకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మీరు చెప్పిన సూత్రం ఢిల్లీకి ఏడాది పొడవునా సరిపోతుంది, మీకు సరిపోదు. ఆగస్టు 6, 7 తేదీల్లో మబ్బు లేకపోతే అదే కర్ర మళ్లీ నిలబెట్టండి, నీడ కర్ర మొదట్లోనే మాయమవుతుంది.

సమయం విషయంలో అమ్మాయి వేసిన ఏడున్నర నిమిషాల లెక్క సరైనదే. అయితే భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సరైన వలయం కాదు, దాని అక్షం కూడా వాలి ఉంది. ఈ రెండింటి వల్ల గడియారపు మధ్యాహ్నానికీ సూర్యుని మధ్యాహ్నానికీ తేడా ఏడాది పొడవునా మారుతుంటుంది. జూలైలో ఆ తేడా సుమారు ఆరు నిమిషాల ఆలస్యం; ఏడున్నరకు ఆరు కలపండి, మీ 12 గంటల 13 నిమిషాలు వచ్చేస్తాయి. నవంబరు మొదటి వారంలో సూర్యుడు పదహారు నిమిషాలకు పైగా ముందుంటాడు. రాష్ట్ర దశ పోటీ జరిగే ఆ రోజుల్లో మీ డాబా మీద మధ్యాహ్నం 11 గంటల 51 నిమిషాలకే అయిపోతుంది, మీటరు కర్ర నీడ అరవై సెంటీమీటర్లు దాటి ఉత్తరానికి పడుతుంది. ఆ అంకె ఇప్పుడే అమ్మాయికి చెప్పకండి. ముందు తనను లెక్క వేయనివ్వండి.